రాయల్టీ లేని సంగీతం – హక్కుల పొరలు: చలనచిత్ర సంగీత, ధ్వని చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

చలనచిత్రానికి సంగీతం సమకూర్చడం ఖర్చుతో కూడిన పని. స్వరకర్త పారితోషికం, వాద్యబృందం వేతనాలు, ధ్వనిముద్రణశాల అద్దె భరించలేని లఘుచిత్ర, డాక్యుమెంటరీ నిర్మాతలు నేడు ఆశ్రయిస్తున్నది 'రాయల్టీ ఫ్రీ' సంగీతాన్ని. ఈ మాటకు 'ఉచిత సంగీతం' అని అర్థం చెప్పుకోవడం పరిపాటి. రాయల్టీ అంటే ఒక కృతిని వాడుకున్నప్పుడల్లా హక్కుదారుకు చెల్లించవలసిన వాటా. రాయల్టీ లేదంటే ఆ పదేపదే చెల్లింపు లేదని మాత్రమే అర్థం. ఒకసారి రుసుము చెల్లించి, ఒప్పందంలోని షరతులకు లోబడి వాడుకునే సంగీతం కూడా ఈ కోవలోకే వస్తుంది. దానికి ధర లేదని గానీ యజమాని లేడని గానీ ఆ మాట చెప్పడం లేదు.

సినిమా పుట్టిన తొలి దశాబ్దాల నుండే నిర్మాతలూ ప్రదర్శకులూ రుసుము లేని సంగీతం కోసం వెదుకుతూ వచ్చారు. ఆ వెదుకులాట ఖర్చును తొలగించిన సందర్భాలకన్నా ఒకరి మీది నుండి మరొకరి మీదికి మార్చిన సందర్భాలే ఎక్కువ. ఆ చరిత్రను, అందులో తెలుగు కృతులకూ తెలుగు తెరకూ ఉన్న స్థానాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మూకీల కాలం: 'పన్ను లేని సంగీతం'

మూకీ చిత్రాలను 'మూగ' చిత్రాలనడం పూర్తిగా సరికాదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో ల్యుమియేర్ సోదరుల ప్రదర్శనలోనే పియానో వినిపించింది. అప్పట్లో సంగీతం చిత్రంలో భాగం కాదు, ప్రదర్శనశాలలో భాగం. ఏ బొమ్మకు ఏ స్వరం వాయించాలన్నది ఆ ఊరి వాద్యకారుడి ఇష్టం. ఈ అస్తవ్యస్తతను తగ్గించడానికి 1909లో ఎడిసన్ సంస్థ తన చిత్రాలకు తగిన సంగీత సూచనలను ముద్రించడం మొదలుపెట్టింది. 1913లో అమెరికాలో జె.ఎస్. జమెచ్నిక్ స్వరపరచిన సన్నివేశ సంగీత సంపుటం వెలువడింది. 1919లో బెర్లిన్‌లో జుసెప్పె బెచ్చె 'కినోథెక్' సంపుటాలను ప్రారంభించాడు. 1924లో ఎర్నో రపీ సంకలనం చేసిన 'మోషన్ పిక్చర్ మూడ్స్' 52 భావాలకూ సందర్భాలకూ తగిన స్వరరచనలను వర్గీకరించింది. తుపాను, రైలు, అంత్యక్రియలు, భయం, తరుముడు వంటి పేర్లు ప్రతి పుట అంచున అచ్చయి ఉండేవి. తెర మీద దృశ్యం మారగానే వాద్యకారుడు ఆ పేరు చూసి పుట తిప్పేవాడు. ఆలంకారికులు రసభావాలకు విభావానుభావాలను పట్టికలుగా కూర్చినట్లే ఇక్కడ భావానికి స్వరాన్ని కూర్చారు. నేటి సంగీత భాండాగారాల్లో 'విషాదం', 'ఉత్కంఠ', 'ఉల్లాసం' అనే విభాగాలకు మూలం ఈ సంపుటాల్లోనే ఉంది.

ఈ కాలంలోనే హక్కుల సమస్య తలెత్తింది. 1914లో న్యూయార్కులో అమెరికా స్వరకర్తల, రచయితల, ప్రచురణకర్తల సంఘం 'ఆస్కాప్' ఏర్పడింది. స్వరకర్త విక్టర్ హెర్బర్ట్ వ్యాజ్యంలో 1917లో అమెరికా సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు చెప్పింది. సంగీతానికి విడిగా డబ్బు వసూలు చేయకపోయినా, వ్యాపారంలో భాగంగా వినిపించే సంగీతం లాభార్జన కోసం చేసిన ప్రదర్శనే అవుతుందన్నది దాని సారాంశం. ఆ బలంతో ఆస్కాప్ సినిమాశాలల నుండి ఒక్కో కుర్చీకి ఏడాదికి 10 సెంట్ల చొప్పున రుసుము అడిగింది. ప్రదర్శకులు దానికి 'సంగీతపు పన్ను' అని పేరు పెట్టి, ఆ సంఘంలో చేరని ప్రచురణకర్తల స్వరరచనలను 'పన్ను లేని సంగీతం' పేరుతో వాడుకోసాగారు. నేటి 'రాయల్టీ ఫ్రీ' అన్న మాటకు తొలిరూపం ఇదే. ఆ సంగీతానికీ స్వరకర్తలున్నారు. వారి రచన ఎన్ని వేలసార్లు వినిపించినా ప్రదర్శనకు ప్రతిఫలం వారికి అందలేదు. ప్రదర్శకుడికి మిగిలినది స్వరకర్తకు తగ్గింది.

లైబ్రరీ సంగీతం: అచ్చు పుస్తకం నుండి ముద్రితధ్వనికి

1909లో డచ్ సంగీతకారుడు మేయర్ డి వోల్ఫ్ లండన్‌లో స్థాపించిన సంస్థ మూకీ ప్రదర్శనశాలలకు స్వరలిపి ప్రతులను అందించేది. టాకీలు రాగానే అది ధ్వనిముద్రిత సంగీతం వైపు మళ్ళింది. ఒక చిత్రం కోసం కాక, భవిష్యత్తులో ఎవరికైనా పనికివచ్చేలా ముందుగానే ముద్రించి పెట్టిన సంగీతానికి 'లైబ్రరీ సంగీతం' అని పేరు. టాకీల రాకతో ప్రదర్శనశాలల్లోని వాద్యకారులు వేల సంఖ్యలో ఉపాధి కోల్పోయారు. ఒకసారి ముద్రించిన సంగీతం ఎన్ని ఊళ్ళలోనైనా వినిపించగలిగినప్పుడు ఆ ఊళ్ళలోని వేళ్ళకు పని లేకపోయింది.

చిన్న నిర్మాతలకు మాత్రం లైబ్రరీ సంగీతం వరమైంది. 1968లో జార్జ్ రొమెరో పిట్స్‌బర్గ్ పరిసరాల్లో తక్కువ ఖర్చుతో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చిత్రానికి క్యాపిటల్ సంస్థ 'హై-క్యూ' భాండాగారంలోని సంగీతాన్నే వాడారు. 1975 నాటి 'మాంటీ పైథాన్ అండ్ ది హోలీ గ్రెయిల్'లో డి వోల్ఫ్ లైబ్రరీ స్వరాలు వినిపిస్తాయి. రొమెరో చిత్రం విషయంలో మరొక విశేషం ఉంది. విడుదలకు ముందు శీర్షిక మార్చినప్పుడు పంపిణీదారు ప్రతులపై కాపీరైటు ప్రకటన జారిపోయింది. నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లోపంతో చిత్రం ప్రజల ఉమ్మడి సొత్తయింది. రుసుము చెల్లించి తెచ్చుకున్న సంగీతంతో తయారైన చిత్రం చివరకు తన నిర్మాతలకే దక్కకుండా పోయింది. హక్కు అనేది కళాఖండంలో సహజంగా ఉండే గుణం కాదనీ, చట్టం, కాలం, పత్రం కలిసి నిర్మించేదనీ ఈ ఉదంతం తెలుపుతుంది.

తెలుగు తెర: ఉమ్మడి సొత్తు ఎంతవరకు ఉమ్మడి?

దృశ్యానికి ముద్రితధ్వనిని జోడించే ప్రయత్నం తెలుగువారికి టాకీల కన్నా ముందే పరిచయం. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య 1910లో మద్రాసులో క్రోనోమెగాఫోన్ యంత్రంతో రికార్డు ధ్వనిని బొమ్మతో కలిపి ప్రదర్శించాడు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా సురభి కళాకారులతో తయారైంది. పద్యనాటకరంగంలో మట్టులు ఒక సమాజం నుండి మరొక సమాజానికి స్వేచ్ఛగా ప్రవహించేవి. తెలుగు సినిమా తన సంగీతాన్ని శూన్యం నుండి కాక ఈ ఉమ్మడి నిధి నుండి మొదలుపెట్టింది. 1946లో చిత్తూరు నాగయ్య దర్శకత్వం, నటన, సంగీతం నిర్వహించిన 'త్యాగయ్య' చిత్రానికి ఆధారం 1847లో కన్నుమూసిన త్యాగరాజస్వామి కృతులు. వాటికి రుసుము అడిగేవారు లేరు.

అయితే సంప్రదాయ సంగీతమంతా పాతదే అన్న భావన తప్పుదారి పట్టిస్తుంది. 1980లో విడుదలైన 'శంకరాభరణం' కర్ణాటక సంగీతాన్ని తిరిగి జనం నోట నిలిపిన చిత్రం. అందులో భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రుల రచనలతో పాటు మైసూరు వాసుదేవాచార్యుల ఖమాస్ రాగకృతి కూడా ఉంది. తొలి ఇద్దరూ గత శతాబ్దాల వారు. వాసుదేవాచార్యులు కన్నుమూసింది 1961లో. రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళన్న నేటి గడువు ప్రకారం ఆయన రచనలు 2021 చివరి వరకూ హక్కు పరిధిలోనే ఉన్నాయి. చిత్రం విడుదలైన నాటికి అమలులో ఉన్న 50 ఏళ్ళ గడువు కూడా అప్పటికి ముగియలేదు. శ్రోత చెవికి మూడూ ఒకే సంప్రదాయం. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు స్థితులు.

జానపదగేయాల విషయంలో ఈ చిక్కు మరింత సున్నితం. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో 1979లో రూపొందిన 'మా భూమి'లో సుద్దాల హనుమంతు రాసిన పాట ఉంది. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో పల్లెపల్లెకూ పాకిన ఇటువంటి పాటలను విన్నవారు జానపదాలనే భావిస్తారు. జనం తమదిగా చేసుకోవడం పాటకు దక్కిన గౌరవం. కానీ ఆ గౌరవమే రచయిత పేరును చెరిపేసే ప్రమాదం ఉంది. కర్త తెలియని పాట వేరు, కర్త పేరు మరచిన పాట వేరు. రుసుము లేదు కదా అని తీసుకునే నిర్మాత ఈ భేదాన్ని విచారించడం చట్టరీత్యానే కాక సాహిత్యచరిత్ర రీత్యా కూడా అవసరం.

అన్నమయ్య సంకీర్తన: ఒక కృతి, నాలుగు పొరలు

ఒకే పాటలో హక్కులు పొరలుగా ఉంటాయనడానికి అన్నమాచార్య సంకీర్తనలను మించిన ఉదాహరణ తెలుగులో దొరకదు. భారత కాపీరైటు చట్టం సంగీత రచనను నిర్వచిస్తూ అందులో నుండి మాటలను వేరుచేసింది. కనుక సాహిత్యం ఒక రచన, వరుస మరొక రచన. గాయకుల ప్రదర్శన, ధ్వనిముద్రణ వాటికి తోడు.

మొదటి పొర సాహిత్యం. అన్నమయ్య 1503లో పరమపదించాడు. తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకుల మీది మాటలు అందరివి. రెండవ పొర వరుస. రాగిరేకులపై రాగం పేరు ఉంది గాని స్వరలిపి లేదు. నేడు కచేరీల్లో వినిపించే బాణీల్లో అధికభాగం 20వ శతాబ్ది విద్వాంసులు కూర్చినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1979లోనూ, నేదునూరి కృష్ణమూర్తి 2014లోనూ మరణించారు. రాళ్ళపల్లివారు కూర్చిన వరుసలకు చట్టం ఇచ్చే గడువు 2039 చివరి వరకూ ఉంది. ఐదువందల ఏళ్ళనాటి పాటను తన చిత్రంలో వాడుతున్నానని భావించే నిర్మాత నిజానికి నిన్నటి స్వరకర్త శ్రమను వాడుతున్నాడు. మూడవ పొర గాయకుల ప్రదర్శన. 1994 సవరణతో మన చట్టం ప్రదర్శకులకు హక్కును గుర్తించింది. నాలుగవది ధ్వనిముద్రణ, దానికి ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ గడువు.

ఈ పొరల భేదం ప్రపంచమంతటా ఉంది. స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో వ్యోమనౌకల గమనానికి 1899లో మరణించిన రెండవ యోహాన్ స్ట్రాస్ రచించిన 'బ్లూ డాన్యూబ్' వాల్ట్జ్‌ను వాడారు. స్వరరచన ఉమ్మడి సొత్తే. తెరపై వినిపించేది మాత్రం కరాయన్ నిర్వహణలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ బృందం వాయించిన ముద్రణ. రచన ఉచితమైనా ముద్రణ ఉచితం కాలేదు. అన్నమయ్య పదాన్ని సొంతంగా కొత్త వరుసలో పాడించుకున్న నిర్మాతకు ఏ అనుమతీ అక్కరలేదు. 1997 నాటి 'అన్నమయ్య' చిత్రానికి కీరవాణి సంగీతం సమకూర్చినప్పుడు సాహిత్యం ఉమ్మడిది, సంగీతం కొత్తది. ఆ సంగీతంపై తిరిగి కొత్త హక్కు పుట్టింది. ఉమ్మడి సొత్తు నుండి ప్రతి తరమూ ఇలా కొత్త సొత్తును సృష్టిస్తూనే ఉంటుంది.

1977 తీర్పు, 2012 సవరణ

విదేశాల్లో 'రాయల్టీ ఫ్రీ' అన్నది ఒక వ్యాపార పద్ధతిగా ఎదిగితే, భారతీయ సినిమాలో సంగీతమంతా చాలాకాలం ఆచరణలో రాయల్టీ లేనిదిగానే సాగింది. 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ స్వరకర్తల, గేయరచయితల పక్షాన రుసుములు కోరినప్పుడు నిర్మాతల సంఘాలు వ్యతిరేకించాయి. ఈస్టర్న్ ఇండియా మోషన్ పిక్చర్స్ అసోసియేషన్‌తో సాగిన వ్యాజ్యంలో 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భిన్నమైన ఒప్పందం లేనప్పుడు, ప్రతిఫలం చెల్లించి చిత్రం కోసం రాయించుకున్న సంగీత సాహిత్యాలకు తొలి యజమాని నిర్మాతే అవుతాడన్నది ఆ తీర్పు. న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా అభిప్రాయం జోడించి, కళాకారుల స్థితిని శాసనకర్తలు పట్టించుకోవాలని సూచించారు. ఆ సూచన చట్టరూపం దాల్చడానికి 35 ఏళ్ళు పట్టింది.

2012 సవరణ ప్రకారం చిత్రంలోని గేయ, సంగీత రచయితలు తమ హక్కును నిర్మాతకు బదలాయించినా, సినిమాశాలలో చిత్రప్రదర్శనకు వెలుపల జరిగే వినియోగాలపై వచ్చే రాయల్టీలో సమానవాటాను వదులుకోవడానికి వీలులేదు. వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప ఆ వాటాను మరొకరికి రాసివ్వడం చెల్లదు. బేరమాడే శక్తి లేని రచయిత తన సంతకంతోనే తనకు అన్యాయం చేసుకోకుండా చట్టం అడ్డుపడింది. కనుక భారతదేశంలో 'రాయల్టీ లేదు' అన్న షరతును ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన రచయిత వాటా చెరిగిపోదు. చిన్న నిర్మాత సౌలభ్యానికీ రచయిత జీవనాధారానికీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే ఈ చరిత్ర అంతటా నడిచిన వివాదం.

ధ్వని రూపకల్పన: ఊరు వినిపించడం

సంగీతానికి వర్తించిన చరిత్రే ధ్వనికీ వర్తిస్తుంది. టాకీల తొలినాళ్ళలో యూనివర్సల్ సంస్థలో జాక్ ఫోలీ అడుగుల చప్పుడు, బట్టల రాపిడి వంటి ధ్వనులను తెరను చూస్తూ తిరిగి సృష్టించే పద్ధతిని స్థిరపరచాడు. ఆ కళకు ఆయన పేరే నిలిచింది. స్టూడియోలు తాము ముద్రించిన ధ్వనులను దాచిపెట్టి చిత్రం తరువాత చిత్రంలో వాడుకున్నాయి. 1951 నాటి 'డిస్టెంట్ డ్రమ్స్' కోసం ముద్రించిన ఒక ఆర్తనాదాన్ని 1977లో 'స్టార్ వార్స్' కోసం బెన్ బర్ట్ వెలికితీసి వాడాడు. 'విల్‌హెల్మ్ అరుపు'గా పేరుపడిన ఆ ధ్వని తరువాత వందలాది చిత్రాల్లో వినిపించింది. అరిచిన వ్యక్తి పేరు మాత్రం ఏ చిత్రం పట్టికలోనూ లేదు. 1979లో 'అపోకలిప్స్ నౌ'కు వాల్టర్ మర్చ్ చేసిన పనితో ధ్వని రూపకల్పన అన్న మాట చిత్రరంగంలో గౌరవం పొందింది. చప్పుళ్ళను అతికించడం కాక, కథ ఏ చెవితో వింటున్నదో నిర్ణయించడం ధ్వని రూపకర్త పని అయింది.

భాండాగార ధ్వనికి ఒక పరిమితి ఉంది. ఏ చప్పుడైనా ఒక చోట పుట్టినదే. హాలీవుడ్ ముద్రించుకున్న పసిఫిక్ తీరపు చెట్టుకప్ప అరుపు ప్రపంచంలోని అన్ని చిత్తడినేలలకూ గొంతు అయింది. ఆస్ట్రేలియాకు చెందిన కూకబర్రా పిట్ట కూత హాలీవుడ్ టార్జాన్ చిత్రాల్లో ఆఫ్రికా అడవిని నింపింది. తెలుగు సినిమాలో సంభాషణలను చిత్రీకరణ తరువాత డబ్బింగులో చెప్పించే పద్ధతి చాలాకాలంగా ప్రధానం. ఆ పద్ధతిలో చిత్రీకరణ స్థలపు సహజధ్వని పోతుంది. దాన్ని తిరిగి నిర్మించవలసి ఉంటుంది. అక్కడ అందుబాటులో ఉన్న విదేశీ భాండాగారాన్ని ఆశ్రయిస్తే కోనసీమ కథలో కోనసీమ వినిపించదు.

ఈ సమస్యకు భాషతో సంబంధం ఉంది. తెలుగులో తుంపర, జల్లు, ముసురు, కుంభవృష్టి వేర్వేరు. తాటాకు కప్పుపై, బంగాళాపెంకులపై, రేకులపై పడే వాన వేర్వేరుగా మోగుతుంది. గలగల, బిలబిల, కిర్రుకిర్రు, టపటప వంటి ధ్వన్యనుకరణ పదాలు తెలుగువారు తరతరాలుగా చెవితో కూర్చుకున్న పట్టిక. ఆంగ్లంలో 'వాన' అన్న ఒక్క శీర్షిక కింద వర్గీకరించిన భాండాగారంలో ఈ భేదాలు దొరకవు. రుసుము లేని ధ్వని ఇక్కడ మరొక మూల్యం కోరుతుంది. అది డబ్బు కాదు, స్థలీయత.

అంతర్జాల యుగం: లైసెన్సు చదవడం

2001లో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002లో విడుదల చేసిన లైసెన్సులు మూడవ మార్గం చూపాయి. రచయిత తన హక్కును వదులుకోకుండానే కొన్ని వినియోగాలను ముందుగా అనుమతించవచ్చు. పేరు చెప్పాలన్నది ఒక షరతు. వ్యాపారానికి వాడరాదన్నది మరొకటి. మార్పులు చేయరాదన్నది ఇంకొకటి. ఈ మూడవ షరతు చిత్రనిర్మాతలకు ముఖ్యం. సంగీతాన్ని కదిలే దృశ్యంతో కాలానుగుణంగా జతచేయడమే ఈ లైసెన్సుల ప్రకారం ఒక మార్పు. అందువల్ల మార్పు నిషేధించిన స్వరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా వాడినా చిత్రంలో వాడరాదు. 2005లో బార్సిలోనాలోని పోంపెవు ఫాబ్రా విశ్వవిద్యాలయం ప్రారంభించిన 'ఫ్రీసౌండ్' ధ్వని సంచయంలో ఒక్కో ధ్వనికి ఒక్కో లైసెన్సు ఉంటుంది. 2018లో బీబీసీ తన భాండాగారం నుండి 16,000 ధ్వనులను వ్యక్తిగత, విద్యా, పరిశోధన అవసరాలకు తెరిచింది. అదే ధ్వనిని టికెట్టు అమ్మే చిత్రంలో వాడాలంటే వేరే అనుమతి కావాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, 'రాయల్టీ లేని' అన్న విశేషణం కృతి మొత్తానికి కాక దానిలోని ఏదో ఒక పొరకే వర్తిస్తుంది. సాహిత్యం, వరుస, గానం, ముద్రణలను విడదీసి చూడనిదే ఉచితమేదో తెలియదు. రెండవది, 1920ల నాటి 'పన్ను లేని సంగీతం' నుండి 1977 తీర్పు వరకు నిర్మాతకు తగ్గిన భారం రచయితపైనో వాద్యకారుడిపైనో పడింది. మూడవది, ధ్వని విషయంలో ఆ భారం కథాస్థలం మోస్తుంది.

ఈ మూడింటిలోనూ తెలుగు పరిశోధనకు పని ఉంది. బిరుదురాజు రామరాజు 'తెలుగు జానపదగేయ సాహిత్యము' కాలం నుండి తెలుగు శాఖలు ఊరూరా తిరిగి పాటను సేకరిస్తున్నాయి. ఆ సేకరణల్లో పాటతో పాటు పాడినవారి పేరు, ఊరు, తేదీ, వినియోగానికి వారిచ్చిన సమ్మతి కూడా నమోదైతే అవి చిత్రనిర్మాతలకు నమ్మదగిన భాండాగారం కాగలవు. పాటకు ముందు వినిపించే తిరగలి చప్పుడు, పాట వెనుక కూసిన తీతువు కూడా చెరిపివేయవలసిన లోపాలు కావు, దాచవలసిన ధ్వనులు. కర్త పేరును భద్రపరిచి, కృతిని తెరిచి ఉంచే సంచయమే నిజమైన ఉమ్మడి సొత్తు. పేరు చెరిపి పొందిన ఉచితం వెనుక ఎవరికో బాకీ మిగిలే ఉంటుంది.